మళ్లీ కట్టిన ఇంజిన్‌తో నాచారం నుంచి నారపల్లి దాకా

మా కారుకు రెండే సీట్లు. ఎర్రది, పాతది, నేలను ముద్దు పెట్టుకునేంత కిందికి ఉంటుంది. కంపెనీ పేరు రాయను, రాస్తే కామెంట్లలో అందరూ ధరే అడుగుతారు. ఉప్పల్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడుపుకునే నాకు ఈ కారు చిన్నప్పటి నుంచీ ఉన్న పిచ్చి. పోయిన ఎండాకాలం వరంగల్‌లో పెళ్లికని బయల్దేరితే, నారపల్లి దగ్గర దీని ఇంజిన్ ప్రాణం పోయింది. మా ఆవిడ స్వప్న పట్టుచీరలో, ప్లాట్లు అమ్మే వెంచర్ బోర్డు నీడలో, టోయింగ్ బండి వచ్చేదాకా నిలబడింది. ఇంటికొచ్చాక చెప్పేసింది. "ఏ ఇంజిన్ ఏయించుకుంటవో నీ ఇష్టం. ఇంకొక్కసారి నన్ను రోడ్డు మీద నిలబెట్టిందనుకో, అమ్ముడే. మల్ల నన్ను అడగొద్దు." పీర్జాదిగూడలో ఒకాయన ఈ కారు మీద ఎప్పట్నుంచో కన్నేశాడు. ఆయన నంబరు స్వప్న ఫోన్‌లో ఉంది. అదీ నా భయం.

ఆ రోజు నుంచి మా ఇంట్లో ఒకటే చర్చ: కొత్త ఇంజిన్ కొనాలా, మళ్లీ కట్టిన ఇంజిన్ వేయించాలా? స్వప్న తమ్ముడు కిరణ్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, కొత్తదాని పక్షం. "బావా, వారంటీ ఉంటది, టెన్షన్ ఉండది. రిపేర్ చేసిన ఇంజిన్ అంటే రిపేర్ చేసిందే గదా," అనేవాడు. అతని మాట కొట్టిపారేసేది కాదు. కానీ మా కారు తయారీ ఎప్పుడో ఆగిపోయింది. కొత్త ఇంజిన్ అంటే విదేశంలో ఏదో గోదాములో ఏళ్ల తరబడి పడుకున్నది రావాలి. దిగుమతి సుంకంతో కలిపితే కారు కన్నా దానికే ఎక్కువయ్యేలా ఉంది. పైగా అంతకాలం కదలకుండా ఉంటే లోపలి రబ్బరు సీళ్లు ఎండిపోయే ప్రమాదమూ ఉంది. నేను రీమాన్యుఫాక్చరింగ్, అంటే ఉన్న ఇంజిన్‌నే విప్పి మళ్లీ కట్టించడం వైపు మొగ్గాను. ఖర్చు కొత్తదాంట్లో సగం కూడా కాలేదు. నాచారంలో ఆ పని చేసే యాదగిరన్న షెడ్డుకు కారు పంపించాను.

బండి రెడీ అని ఫోన్ వచ్చిన ఆదివారం నేను ఆగలేకపోయాను. స్వప్న తయారయ్యేలోపే మా మేడిపల్లిలో సిటీ బస్సెక్కి ఉప్పల్‌లో దిగి, మెట్రోలో హబ్సిగూడ చేరాను. కొత్తగా వచ్చేవాళ్లకు ఇదే తేలికైన దారి. అక్కడి నుంచి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాకు ఆటోలో పావుగంట. డ్రైవర్ నా ముఖం చూసి, "ఏందన్నా, గంత ఖుషీగున్నవ్? నౌకరొచ్చిందా?" అన్నాడు.

"కారు ఇంజిన్ వచ్చింది."

"ఇంజినా!" అని అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. "నా ఆటోది రెండుసార్లు ఇప్పించిన. ఎవడూ గిట్ల నవ్వలే."

యాదగిరన్నది జనగామ వైపు. మాటకారి, తన పనిని తనే పొగుడుకోవడంలో మొహమాటం లేని మనిషి. ఆయన షెడ్డులో ఒక పద్ధతి ఉంది. పాత ఇంజిన్ నుంచి తీసేసిన ముక్కలన్నీ ట్రేలో పరిచి, యజమానికి చూపించాకే తాళం చెవి ఇస్తాడు. అరిగిన బేరింగులు, గీతలు పడ్డ పిస్టన్లు, నలుపెక్కిన రింగులు, అన్నీ నా ముందు పెట్టాడు. "రిపేర్ అంటే పాడైనదొక్కటే మార్చుడు. మేం జేసేది గది కాదు. మొత్తం ఇప్పి, బ్లాక్‌ల పగుళ్లున్నయా సూసి, సిలిండర్లు బోరు గొట్టి, క్రాంక్‌షాఫ్ట్ సానబట్టి, లోపల అరిగేదంతా కొత్తది ఏసి, కంపెనీ కొలతకు తెచ్చుడు. స్పోర్ట్స్ కార్ గదా, వెంట్రుకంత తేడా ఉన్నా ఓర్వదు. బెంచ్ మీద నడిపి సూసినంకనే బండిల ఎక్కిచ్చిన."

"కొత్త ఇంజిన్ కన్నా ఇది గట్టిదా, అన్నా?" అని సూటిగా అడిగాను.

"నా చేతిది ఎప్పటికీ గట్టిదే!" అని ఛాతీ చరుచుకుని, మళ్లీ తనే తగ్గాడు. "పని సరిగ్గ జెయ్యకుంటే ఇది పోతది. కొత్తది తెచ్చి పాత రోగం బండిల్నే ఉంచితే అదీ పోతది. నీ రేడియేటర్ సగం పూడిపోయుండె, గందుకే ఇంజిన్ సచ్చింది. ఆయిల్ కూలర్‌ల మొత్తం ఇనుప రజను. రెండూ మార్చిన. గవి మార్చకుండ బంగారపు ఇంజిన్ పెట్టినా దండగ." ఎన్నో వీడియోలు చూసి తల పట్టుకున్న నాకు ఈ ఒక్క సంగతితో లెక్క తేలింది. నేను రెండు ఇంజిన్లను పోల్చుకుంటూ కూర్చున్నాను గానీ, పాతది ఎందుకు పోయిందని ఒక్కసారీ అడగలేదు.

ఇంతలో కిరణ్ బైక్ మీద స్వప్న దిగింది. చేతిలో బంతిపూల దండ, అదీ లారీకి కట్టేంత లావుది. ఉప్పల్‌లో కొన్నదట. కారు ముందు ముగ్గు వేసి, ఇంజిన్‌కు పసుపు కుంకుమ పెట్టి, దండను కారు ముక్కు మీద తనే కట్టింది. యాదగిరన్న కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టాడు. "పోనియ్ అన్నా! కొత్త కొత్తల ఉరికియ్యకు. వెయ్యి కిలోమీటర్ల దాక నిమ్మళంగ తోలు," అన్నాడు.

తాళం తిప్పాను. ఆహా! ఆ శబ్దం ఎలా చెప్పను? పాత ఇంజిన్ దగ్గుతూ లేచేది. ఇది ఒక్క పిలుపుకే లేచి, సన్నగా, నిండుగా పాడుతోంది. హబ్సిగూడ మీదుగా ఉప్పల్ రింగ్ రోడ్డు చేరేసరికి నేను పక్కా పదహారేళ్ల పిల్లాణ్ని. బస్‌స్టాప్‌లో జనం తలలు తిప్పి చూస్తున్నారు, దండను చూసి కొందరు నవ్వుతున్నారు. స్వప్న పైకి బిగుసుకుని కూర్చుంది గానీ, ఆమె కాలు ఇంజిన్ లయకు కదులుతోంది. నేను చూడనట్టు నటించాను. మా వెనకాల కిరణ్ బైక్ మీద వస్తున్నాడు.

ఉప్పల్ దాటాక ఫ్లైఓవర్ స్తంభాల మధ్య ట్రాఫిక్ చిక్కబడింది. ఒక స్పీడ్ బ్రేకర్ మీద కారు ముక్కు ధబ్బున వంగి లేచింది. పీర్జాదిగూడ దగ్గరపడుతుండగా చూశాను, వేడి చూపించే ముల్లు మధ్యగీత దాటి పైకి పోతోంది. ఏసీ ఆపాను. ముల్లు ఆగలేదు. ఎర్రగీత తాకకముందే కారు పక్కకు తీసి ఇంజిన్ ఆపేశాను. ఆగితే ఆగింది, ఆ కొనేవాడి ఊళ్లోనే ఆగాలా?

కిరణ్ బైక్ ఆపీ ఆపకుండానే మొదలెట్టాడు. "నేను చెప్పలేదా బావా? కొత్తది ఏయిస్తే ఈ లొల్లి ఉండకపోవు." యాదగిరన్నకు ఫోన్ చేస్తే ఆయన గొంతు కూడా తడబడింది. "కూలెంట్‌ల గాలి జొచ్చిందో, థర్మోస్టాట్ పట్టేసిందో... రేడియేటర్ మూత తియ్యకున్రి, కాలుతది. నేనొస్తున్న ఆగున్రి." స్వప్న ఫోన్ చేతిలో పట్టుకుని కారు ముందుకు నడిచింది. అయిపోయింది, కారు కొంటానన్న ఆయనకే ఫోన్ చేస్తోందనుకున్నాను. మంచి ఇంజిన్, మంచి పనివాడు, అయినా ఇంతేనా అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇగో, ఇటు రా," అని పిలిచింది స్వప్న.

వెళ్లి చూస్తే రోడ్డు మీద మోకాళ్ల మీద కూర్చుని ఉంది. కారు ముక్కు కింద, రేడియేటర్‌కు గాలి పోయే నోట్లో బంతిపూల దండ మొత్తం దూరిపోయింది. స్పీడ్ బ్రేకర్ దగ్గర దారం తెగి కిందికి జారినట్టుంది. లోపలి ఫ్యాను గాలి లాగుతుంటే పూలు మెత్త పరిచినట్టు రేడియేటర్‌కు అతుక్కుపోయాయి. కారు అంత కిందికి ఉంటే లోపల కూర్చున్న మాకు ఏం కనబడుతుంది? కిరణ్ వస్తున్నది వెనకాల. స్వప్న గుప్పెళ్లతో పూలు లాగుతూ మొదట సిగ్గుపడి, తర్వాత పడీపడీ నవ్వింది. "ఇంజిన్‌కేం కాలే. నా దండతోనే ఊపిరాడలే దానికి!" కిరణ్ కూడా కిందికి వంగి చూశాడు. "కొత్త ఇంజిన్ అయినా ఈ దండతోని గిట్లనే ఆగుతుండె బావా," అని ఒప్పుకున్నాడు. ఆ మాటకు అక్కడికక్కడే అతన్ని క్షమించేశాను.

చల్లారనిచ్చి, యాదగిరన్న వచ్చి ఒకసారి తడిమి చూసి సరేనన్నాక మళ్లీ కదిలాం. మేడిపల్లిలో ఇంటికి మళ్లకుండా, పోయినసారి ఆగిన నారపల్లి దాకా పోనిచ్చాను, ముల్లు మధ్యలో బుద్ధిగా కూర్చుంది. తిరుగుప్రయాణానికి స్టీరింగ్ స్వప్నకిచ్చాను. వెంచర్ బోర్డు దగ్గర, తను పట్టుచీరలో నిలబడ్డ చోటే, కావాలని హారన్ కొట్టింది. ఇల్లు దగ్గరపడుతుంటే నా నోరు ఆగలేదు. "మరి... రోడ్డు మీద ఆగింది కదా. పీర్జాదిగూడ ఆయనకు ఏం చెప్తావు?"

"ఆయనకెప్పుడో ఫోన్ జేసిన. అమ్మట్లేమని చెప్పిన."

"ఎప్పుడు? ఇందాక రోడ్డు మీదా?"

"పొద్దున. దండ కొంటున్నప్పుడు." రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా అంది.

కొత్త ఇంజినా, మళ్లీ కట్టిందా అని నన్ను అడిగే మిత్రులకు ఇప్పుడు నా దగ్గర ఒకే జవాబుంది. కొలతకు తెచ్చి, పరీక్షించి ఇచ్చే మనిషి దొరికితే మళ్లీ కట్టినదాన్ని ధైర్యంగా నమ్మండి. అలాంటి మనిషి దొరక్కపోతే, కొత్తది తెప్పించుకునే వీలుంటే కొత్తదే మేలు. ఏదైనా సరే, దాని చుట్టూ ఉన్నవి బాగుంటేనే అది బతుకుతుంది. ఆ చుట్టూ ఉన్నవాటిలో పక్క సీటును కూడా నేను కలిపేసుకున్నాను. ఇన్నాళ్లూ ఈ కారును నేనొక్కణ్నే కాపాడుకుంటున్నాననుకున్నాను. అది తప్పని తెలిసిన సంతోషం ముందు ఇంజిన్ సంతోషం చిన్నదే.

ఒక చిట్కా: పూజకు దండ ఎంత పెద్దదైనా కట్టనివ్వండి, ఫొటో తీసుకోండి. తాళం తిప్పేముందు మాత్రం విప్పి, కట్టిన మనిషి ఒళ్లో పెట్టండి.