ఎడమ చేతి మడత

మా దర్జీ భాయి పోయారు. అశ్వారావుపేట సంత నుంచి వచ్చిన పక్కింటాయన చెప్పాడు. మధ్యాహ్నం నమాజు తర్వాత తీసుకుపోతారట. నీలం చొక్కా వేసుకుని బస్సెక్కాను. అది ఆయన కుట్టిందే.

ఊరి బడిలో చదివిన ఐదో తరగతి తప్ప నాకు చదువు లేదు. రాయడం తడబడితే మన్నించండి.

ఊహ తెలియని వయసులో కుంపట్లో పడి నా ఎడమ చేయి కాలింది. వేళ్ళు ముడుచుకుపోయాయి. ఊళ్ళో కొక్కెం చెయ్యోడు అనేవాళ్ళు. పెద్దయ్యాక వాళ్ళు మానేశారు, నేను మానలేదు. ఎవరైనా అనేలోపు నేనే అనేసుకుని నవ్వేవాణ్ణి. పెళ్ళిళ్ళలో గోడవైపు తిరిగి తినేవాణ్ణి. గుడ్డ కొనబోతే ముందు చూపించిందే తెచ్చుకునేవాణ్ణి. నాలాంటివాడికి ఏదైతేనేం అని.

డెబ్బైల్లో ఆయన దుకాణానికి మొదటిసారి వెళ్ళి, చొక్కా ఎడమ చేయి వేళ్ళను కప్పేంత పొడుగు కుట్టమన్నాను. కొక్కెం చెయ్యి కదా అని నవ్వాను. ఆయన నవ్వలేదు. మెడలో టేపు తీసి రెండు చేతులూ కొలిచారు. కుడిచేయిని ఎట్లా పట్టుకున్నారో దాన్నీ అట్లాగే పట్టుకున్నారు.

మళ్ళీ సంతనాడు వెళ్ళి వేసుకుంటే చొక్కా రెండు చేతులూ సమానంగా ఉన్నాయి. వేళ్ళు బయటే. పొరపాటైందేమో అన్నాను.

"పొరపాటేంది తమ్మీ? నువ్ చెప్పిన పొడుగు లోపలికి మడిచి టాకాలేసిన. గుంజితె ఊడొస్తది."

"ఇప్పుడే విప్పరాదు భాయీ?"

"కుట్టుడు నా పని. విప్పుడు నీ పని."

బస్సులో విప్పుదామనుకున్నాను. ఖాళీ లేదు. కుడిచేత్తో కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. కండక్టరు టికెట్టు నా ఎడమ వేళ్ళ సందున గుచ్చి ముందుకు పోయాడు. అంతే. ఇంటికెళ్ళి విప్పుదామనుకున్నాను. తర్వాత రేపనుకున్నాను.

ఆ తర్వాత కుట్టిన ప్రతి చొక్కాకూ ఆ మడత పెట్టారు. వెళ్ళినప్పుడల్లా విప్పినవా అని అడిగేవారు. ఇంకా లేదంటే, గుడ్డ ఎటూ పోదులే అనేవారు. రంగు అడిగితే నేను ఏదో ఒకటి అనేవాణ్ణి. ఆ ఏదో ఒకటి రంగు నా దగ్గర అయిపోయింది, వేరేది చెప్పు అనేవారు. నీలం కావాలని నోరు తెరిచి చెప్పడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. చెప్పిన రోజు ఆయనే చాయ్ తెప్పించారు.

ఒకసారి దుకాణంలో నలుగురి ముందు మళ్ళీ కొక్కెం అని నన్ను నేనే అనుకున్నాను. ఆయన మిషను ఆపారు.

"నా గిరాకీని గట్లంటె ఊకోను. ఎవలన్నా సరే."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట మళ్ళీ నా నోట రాలేదు.

ఖబరస్తాన్‌లో అలవాటు కొద్దీ వెనక నిలబడ్డాను. అందరూ మట్టి వేస్తుంటే నేనూ ముందుకు నడిచాను. దోసిలికి రెండు చేతులూ కావాలి. నా దోసిలి సరిగా కుదరదు. సగం మన్ను సందుల్లోంచి జారింది. మిగతాది వేశాను.

ఇంటికొచ్చి చొక్కా విప్పితే ఎడమ చేతి మడతలో కొంచెం మన్ను చేరి ఉంది. దులుపుదామని మడత ఎత్తి చూశాను. చొక్కా అంతా ఎప్పుడో వెలిసిపోయింది. ఆ లోపలి గుడ్డ మాత్రం నేను అడిగిన నీలంలోనే ఉంది.