చెవికి అందని చెయ్యి

మనవరాలి పాత నోటుపుస్తకాల్లో వెనక మిగిలిపోయిన తెల్లకాగితాలు తీసి, సూదీ దారంతో కుట్టి పెట్టుకుంటాను. ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వనీ. మంచి కాగితం పారేసే చెయ్యి కాదు నాది. ఇన్నాళ్ళూ వాటి మీద సరుకుల చీటీలు రాశాను. ఇప్పుడు ఇది రాస్తున్నాను. నా చదువు మూడో తరగతి. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

మాది పద్మనాభం దగ్గర పల్లె. బడి అంటే ఒక పెంకుటిల్లు, ఒకటే గది, ఒక్కడే మాస్టారు. అయిదు తరగతులూ ఆ గదిలోనే, అయిదు వరసలుగా నేల మీద. ఆయన ఒక వరసకు పాఠం చెబుతుంటే మిగిలిన నాలుగు వరసలూ ఎవరి పాఠం వాళ్ళు అరుస్తుండేవి. నా పలక ఒక మూల విరిగింది. పలక తెల్లబడితే దొండాకు, బొగ్గు కలిపి రుద్దేవాళ్ళం, మళ్ళీ కొత్తదానిలా నల్లబడేది. ఆ పని నాకంటే బాగా చేసేవాళ్ళు బడిలో లేరు. బలపం అరిగి గోరంత అయినా పారేసేదాన్ని కాదు, గోళ్ళ మధ్య ఇరికించుకుని రాసేదాన్ని. మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా పెట్టేవారు. సగం తిని, సగం బాదం ఆకులో పొట్లం కట్టి ఇంటికి తెచ్చేదాన్ని. ఆ సగం నా చెల్లిది.

చెల్లి నాకంటే మూడేళ్ళు చిన్నది. ఉప్మా రెండు ముద్దల్లో మింగేసి పలక లాక్కునేది. నేను రాసిన అక్షరాల మీద చూపుడువేలితో దిద్దేది. తుడవనిచ్చేది కాదు. వేలికి తెల్లగా బలపం అంటుకుంటే గౌనుకి తుడుచుకోకుండా, ఆ వేలొకటి పైకెత్తి పట్టుకుని సాయంత్రమంతా తిరిగేది.

పుట్టిన తేదీలు మా పల్లెలో ఎవరికీ తెలియవు. పిల్లను బడిలో వెయ్యాలంటే ఒకటే కొలత. కుడిచేతిని నడినెత్తి మీదుగా అవతలికి పోనిచ్చి ఎడమ చెవిని అందుకోవాలి. అందితే అయిదేళ్ళు నిండినట్టు. అందకపోతే మళ్ళీ ఏడాదే.

నేను రెండో తరగతి పూర్తి చేసిన వేసవిలో మా నాయనమ్మ పోయింది. అప్పటిదాకా మా ఇద్దరి తర్వాత పుట్టిన చంటిదాన్ని ఆవిడే చూసేది. అమ్మా నాన్నా పొలానికి పోతే ఉయ్యాల ఊపడానికి ఇక ఇంట్లో ఒక ఆడపిల్ల ఉండాలి. నాన్న అన్నం తింటూ ఆ సంగతి తేల్చేశాడు. పెద్దది రెండేళ్ళు చదివింది, పేరు రాయడం వచ్చింది, ఇక చిన్నదాని వంతు. చిన్నదాన్ని బడిలో తీసుకుంటే పెద్దది ఇంట్లో ఉంటుంది. తీసుకోకపోతే ఈ ఏడూ పెద్దదే వెళుతుంది. ఆయన న్యాయంగానే చెప్పాడు. నేను మాత్రం కంచం వదిలి లేచి నా పలక దాచుకున్నాను.

ఆ మర్నాటి నుంచి చెల్లికి ఒకటే పని. పొద్దున లేవగానే చెయ్యి నెత్తి మీదుగా వేసుకుని నా ముందు నిలబడేది.

"అప్పా, అందిందేటి?"

మా వైపు అక్కను అప్ప అంటాం. అందలేదు పొమ్మనేదాన్ని. మొదట్లో నిజంగానే అందేది కాదు. మామిడిపళ్ళు అయిపోవచ్చే వేళకు ఒక రోజు చూపుడువేలి కొన చెవి పైఅంచుకు తగిలింది. తగిలినట్టుందే అని తనే మురిసిపోయింది. తగిలితే చాలదు, చెవి గట్టిగా పట్టుకోవాలి, మేస్టారు అదే చూస్తాడు అన్నాను. అలాంటి రూలేమీ లేదు. అప్ప బడికి వెళుతుంది, అప్పకి తెలుసు అని నమ్మింది. అప్పటినుంచి చెవి పట్టుకోవాలని మెడ నొప్పెట్టేదాకా చెయ్యి లాగేది.

బడి తెరిచే రోజు అమ్మ ఆకుమడి పనికి పొద్దున్నే వెళ్ళిపోయింది. చెల్లికి తల దువ్వి తయారు చెయ్యమని నాకు చెప్పింది. ఆముదం రాశాను. చిక్కు తీశాను. జడ మాత్రం అల్లలేదు. జుట్టంతా పైకి లాగి, మేకుకు వేలాడుతున్న అమ్మ సవరం తెచ్చి, మడతలు పెట్టి లోపల చుట్టి, సరిగ్గా నడినెత్తిన కొప్పు వేశాను. చిన్న కొబ్బరికాయంత కొప్పు. చుట్టూ కనకాంబరాలు పెట్టాను. చెల్లి ఆ సవరాన్ని ఎప్పుడూ ముట్టుకుని ఎరగదు. బిందెలో నీళ్ళలోకి వంగి ముఖం చూసుకుంది. పెళ్ళికూతురిలా ఉన్నానా అని అడిగింది. ఉన్నావన్నాను. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్లకేం తెలుస్తుందిలే అని ఎవరైనా అనబోతే వద్దు. ఏం చేస్తున్నానో నాకు తెలుసు.

నాన్న మా ఇద్దరినీ తీసుకెళ్ళాడు. బడి అరుగు మీద ఏడెనిమిది మంది పిల్లలు కొలతకు వరసకట్టి ఉన్నారు. చెల్లి వంతు వచ్చింది. చెయ్యి కొప్పు మీదకు ఎక్కింది, అవతలికి దిగలేక ఆగిపోయింది. వేళ్ళు గాలిలో కదిలాయి. తల వంచబోతే మాస్టారు నిటారుగా నిలబడమన్నాడు. కొప్పును చూడలేదో, చూసీ పట్టించుకోలేదో, వెనక ఇంకా పిల్లలున్నారు. వచ్చే ఏడు తీసుకురా అని నాన్నతో అన్నాడు. ఆడపిల్లల జడలూ కొప్పులూ నాన్నకేం తెలుసు, సరేనన్నాడు.

చెల్లి ఏడవలేదు. నా దగ్గరకొచ్చి మెల్లగా చెప్పింది.

"పట్టుకోనేకపోన్నప్పా."

నేను అప్పజెప్పిన పని తను చెయ్యలేకపోయినట్టు చెప్పింది. నేను వెళ్ళి మూడో తరగతి వరసలో కూర్చున్నాను.

ఆ ఏడే నాకు ఒత్తులు వచ్చాయి. పాఠం కూడబలుక్కుని చదవడం వచ్చింది. చెల్లి ఒక్కోసారి చంటిదాన్ని చంకనేసుకుని బడి కిటికీ కింద నిలబడేది. మాస్టారు కసిరితే వెళ్ళిపోయేది. ఆ కాస్తలోనే రెండో ఎక్కం చెవిన పడింది. ఉయ్యాల ఊపుతూ అదే జోలపాటగా పాడేది. రెండొకట్ల రెండు, రెండు రెళ్ళు నాలుగు. రెండార్లు పన్నెండు దాకా వెళ్ళి మళ్ళీ మొదటికొచ్చేది. ఆ పైన తనకు వినబడలేదు. నాకు ఇరవై దాకా వచ్చు. పక్కనే కూర్చుని ఉప్మా పొట్లం విప్పేదాన్నే గాని, రెండేడ్లు పద్నాలుగు అని ఒక్కనాడూ అందించలేదు. పలక అడగడం తనే మానేసింది.

మరుసటి ఏడు అమ్మకు మళ్ళీ కాన్పు. ఇంటికి ఒకరు, పొలానికి ఒకరు కావలసి వచ్చింది. నన్ను బడి మాన్పించేశారు. చెల్లిని మాన్పించే పని కూడా లేదు. నేను కాజేసింది అంతా కలిపి ఒక్క ఏడాది. ఆ ఏడాదితోనే జీవితమంతా నెట్టుకొచ్చాను. మందు సీసా మీద రాత చదువుకున్నాను, నా పిల్లల చేత నేనే అక్షరాలు దిద్దించాను. చెల్లి ఎక్కడికెళ్ళినా పక్కవాళ్ళను అడిగి బస్సెక్కేది. ఒకసారి పట్నంలో, మద్దిలపాలెంలో ఉన్న మా ఇంటికి వస్తూ తప్పు బస్సెక్కి తగరపువలసలో దిగిపోయింది. ఎవరో ఫోన్ చేసి చెబితే వెళ్ళాను. సంచి ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా అక్కడే కూర్చుని ఉంది. బోర్డు చూసుకుని ఎక్కలేవా అని దారి పొడుగునా తిట్టాను. తిట్టింది నేను.

ఈ వేసవిలో చెల్లికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి పడిపోయింది. ఆస్పత్రికి దగ్గరని మా ఇంటికే తెచ్చుకున్నాను. వ్యాయామం చేయించడానికి ఒక అమ్మాయి వారానికి మూడుసార్లు వస్తుంది. రెండో వారంలో ఆ అమ్మాయి చెల్లి మోచెయ్యి పట్టి పైకెత్తి, మామ్మగారూ, తల మీదుగా ఎడమ చెవి ముట్టుకోండి చూద్దాం అంది. నేను పక్కనే పప్పు ఏరుతున్నాను. చేటలో నా చెయ్యి ఆగిపోయింది.

చెల్లి చెయ్యి చెంప దాకా వచ్చి దిగిపోయింది. వంకర తిరిగిన నోటితోనే నవ్వింది.

"ఆనాడే అందుకోనేకపోన్ను, ఇప్పుడేటందుతాది తల్లీ."

ఆ అమ్మాయి అడిగితే కథంతా చెప్పుకొచ్చింది. బడి, నాన్న, మేస్టారు. అవన్నీ రెండు మాటల్లో అయిపోయాయి. కొప్పు దగ్గరికి వచ్చేసరికి గొంతు మారింది.

"మా అప్ప అమ్మ సవరమెట్టి కొప్పేసింది. రెండ్రోజులు ఇప్పనేదు నాను, బోర్లా తొంగున్నాను. బళ్ళో ఎయ్యకపోతే పోనీ. అంత పేమగా నా తల మరెవులూ ముట్టుకోనేదు."

ఎంత బాగా చూసుకున్నారో అన్నట్టు ఆ అమ్మాయి నా వైపు చూసింది. నేను చేట తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయాను.

రోజూ చెల్లికి నేనే తల దువ్వుతాను. జుట్టు ఇప్పుడు నా చిటికెనవేలంత లావు కూడా లేదు. దువ్వుతూ మూడుసార్లు చెప్పబోయాను. వీధిలో ఎవరినైనా ముఖం మీదే కడిగేసే నోరు నాది, ఆ ఒక్క మాటకు మాత్రం లేవలేదు. చెబితే దానికేం మిగులుతుంది? బడి ఎలాగూ లేదు, ఆ కొప్పు కూడా పోతుంది. అలా అనుకుని ఊరుకుంటాను. ఊరుకున్నాక, ఇది కూడా నా కోసమే అనుకుంటున్నానని తెలుస్తుంది.

అందుకే రాయడం మొదలుపెట్టాను. నిన్న మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని రాస్తుంటే చెల్లి కళ్ళు తెరిచింది.

"ఏటి రాత్తన్నావప్పా?"

మన చిన్నప్పటి బడి సంగతులన్నాను. చదవమంది. చదివాను. విరిగిన పలక, దొండాకు, గోరంత బలపం, బాదం ఆకులో ఉప్మా. కళ్ళు మూసుకుని వింది. పడిపోని ఎడమచేతి చూపుడువేలు దుప్పటి మీద మెల్లగా ఏదో దిద్దుతోంది. నాన్న అన్నం తింటూ చెప్పిన మాట దాకా చదివి ఆపేశాను. ఇంతే, ఇక్కడిదాకానే రాశాను అన్నాను.

"మరి కొప్పు మాట రాయనేదేటి? అదే కదా బాగుంటాది."

రేపు రాస్తానన్నాను. మర్చిపోవద్దని చెప్పి అటు తిరిగి పడుకుంది. ఆ కొప్పు సంగతి రాసిన కాగితం అప్పటికే నా బొటనవేలి కింద ఉంది.