చెప్పులు విప్పొద్దంటే వినరు

2023 జూన్. మోకాళ్ల నొప్పులని మొత్తుకుంటే నన్ను వార్డు నుంచి తీసి, మా తిరుపతి ఆస్పత్రి పాత భవనంలోని వైద్య చరిత్ర మ్యూజియంలో వేశారు. ఇరవై ఆరేళ్లు స్టాఫ్ నర్సుగా చేసినదాన్ని, గాజు సిరంజిలకూ తుప్పు పట్టిన కత్తెరలకూ కాపలా!

అంతకన్నా కష్టం జనంతో. తిరుపతిలో లైను కనిపిస్తే చాలు, ఎందుకని అడగరు, చెప్పులు విప్పి వెనక నిలబడతారు. "ఇది గుడి కాదు, చెప్పులు వేసుకోండి" అని రోజూ అరిచి అరిచి నా గొంతు పోయింది. గుమ్మం ముందు కుప్ప మాత్రం తగ్గలేదు.

ఆ రోజు నర్సింగ్ విద్యార్థినులు వచ్చారు. పదేసి మందిని లోపలికి వదులుతున్నాను. వాళ్ల వెనక లైనులో ఒక పెద్దాయన, ఆయన భార్య. కొండ దిగి వచ్చిన యాత్రికులనుకున్నాను. గంట తర్వాత వాళ్ల వంతు వచ్చింది. లోపలికి వస్తూనే ఆమె పాతకాలం పేము చక్రాల కుర్చీలో కూలబడింది.

నాకు ఒళ్లు మండింది. "లేయమ్మా! అది చూసేదానికి పెట్టింది. బోర్డు కనపళ్లేదా?"

"మాకు సదువు రాదమ్మా" అన్నాడు పెద్దాయన. "పాకాల నుంచి వచ్చినాం. పొద్దన్నుంచి ఆయాసమంటా ఉండాది. లైను పెద్దదిగా ఉంటే మంచి డాక్టరేమోనని నిలబడినాం."

"అయ్యో రామా! ఈడ డాక్టర్లు లేరు పెద్దాయనా, ఇది మ్యూజియం. ఓపీ ఆ పక్క!"

"పోతాం లేమ్మా, కోప్పడొద్దు. రెండు నిమిసాలు దాన్ని కూసోనీ."

విసుగ్గా కిందికి చూశాను. చెప్పుల్లేని ఆ పాదాలు పూరీల్లా పొంగి ఉన్నాయి. వేలితో నొక్కితే గుంట పడింది, పూడలేదు. దీన్ని పిట్టింగ్ ఎడిమా అంటాం, ఒంట్లో నీరు చేరిన గుర్తు. దానికి ఆయాసం తోడైతే ముందు గుండెనే అనుమానించాలి. పెదాలు నీలంగా ఉన్నాయి. గంటసేపు నా కళ్లెదుటే నిలబడింది ఆ తల్లి! నా మీద నాకే అసహ్యం వేసింది.

'ముట్టరాదు' బోర్డు పీకి పారేసి, ఆ కుర్చీలోనే ఆమెను ఎమర్జెన్సీకి తోసుకుపోయాను. మోకాళ్లు గుర్తుకే రాలేదు. "ఇంకో అరగంటైతే..." అని డ్యూటీ డాక్టరు మాట మింగేశాడు. ఆరో రోజు ఆమె నడిచి ఇంటికి వెళ్లింది. నాకు మాత్రం, ప్రదర్శన వస్తువును ఎందుకు కదిలించావని మెమో వచ్చింది. ఖర్మ!

సంజాయిషీ రాసిచ్చాను. జనం ఇప్పటికీ చెప్పులు విప్పుతూనే ఉన్నారు. నేను వద్దనడం మానేశాను. లోపలికి వదిలే ముందు కాళ్లు చూస్తాను.