కూత ఆగేదాకా

నా చిన్నప్పుడు మా శుక్రవారాలన్నీ ఇసుకలోనే గడిచేవి. నాన్నకు ఖతర్‌లోని వెస్ట్ బేలో ఉద్యోగం, మాకు అల్ తుమామాలో ఇల్లు. సెలవు దొరికిన మన డ్రైవర్లంతా శుక్రవారం మా వీధి చివరి ఖాళీ స్థలంలో చేరి కబడ్డీ ఆడేవారు. వాళ్ళలో ఒకడు పక్కింటి ఖతరీ వాళ్ళ కారు నడిపే డ్రైవరన్నయ్య. మా గోదావరి వైపు కుర్రాడే. చూడటానికి గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉండేవాడు గానీ, పట్టుకున్నాడంటే ఉడుంపట్టే.

అదే వీధిలో ఉండే ఆస్ట్రేలియా ఆయన ఒకరోజు ఆ పట్టు చూశాడు. ఆయన ఒక రగ్బీ లీగ్ జట్టుకు కోచ్. అన్నయ్య యజమానితో మాట్లాడి అతన్ని తన జట్టులో చేర్చుకున్నాడు. ఆ ఆటలో బంతి పట్టుకుని మన వైపు గీత దాటాలని దూసుకొచ్చేవాడిని కింద పడెయ్యాలి. పడేశాక రిఫరీ ‘హెల్డ్’ అనగానే వదిలెయ్యాలి. అప్పుడు వాడు లేచి ఆట సాగిస్తాడు. పడెయ్యడం అన్నయ్యకు వెన్నతో పెట్టిన విద్య. వదలడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

రిఫరీ గొంతు చించుకున్నా అన్నయ్య వదిలేవాడు కాదు. కావాలనే ఆట ఆలస్యం చేస్తున్నాడని అవతలివాళ్ళు తిట్టిపోసేవారు. ఇలాంటి ఆటగాడు మళ్ళీ దొరకడని కొందరు, ఈ రౌడీని మైదానంలోకి రానివ్వకూడదని కొందరు. అతన్ని రౌడీ అన్నవాళ్ళతో నేను మాట్లాడటం మానేశాను. దాంతో నాకు స్నేహితులు బాగా తగ్గిపోయారు.

ఒక శుక్రవారం అతని పట్టులో చిక్కినవాడు లేచి తోశాడు, అన్నయ్యా తోశాడు, రెండు జట్లూ కలబడ్డాయి. ఇంకొక్కసారి ఇలా జరిగితే జట్టులో ఉంచనని కోచ్ చెప్పేశాడు. వారమంతా ఒకరి పనిమీద తిరుగుతూ, ‘డ్రైవర్, యల్లా, పద పద’ అనిపించుకునే మనిషి అతను. అతన్ని పేరు పెట్టి పిలిచి చప్పట్లు కొట్టేది ఆ ఒక్క పూటే. అదీ పోతుందేమోనని అతని మొహం వాడిపోయింది. నాకూ అన్నం సయించలేదు.

మా తాతయ్య అప్పుడు విజిట్ వీసా మీద మా దగ్గరికి వచ్చి ఉన్నారు. సాయంత్రాలు గేటు దగ్గర కుర్చీ వేసుకుని, దారినపోయే తెలుగువాళ్ళందరినీ ఏ ఊరని అడుగుతూ కూర్చునేవారు. అన్నయ్యను పిలిచి, ఎందుకు వదలవని అడిగారు.

“వదిలేద్దామనే అనుకుంటానండి తాతగారూ. చెవి వింటాది గానీ చేతులు వినవండి. కూతకొచ్చినోడి కూత ఆగేదాకా వదలకూడదని చిన్నప్పుడే నేర్పేశారండి.”

తాతయ్య పడీ పడీ నవ్వారు. “ఓరి పిచ్చి సన్నాసీ, వాళ్ళు నోరు మూసుకుని పరిగెడతారు కదరా. లేని కూత ఎప్పటికి ఆగుతుంది? వాడు పెట్టకపోతే నువ్వే పెట్టు. పట్టుకోగానే ఒక్కసారి ‘చెడుగుడు’ అను. మాట అయిపోయిందా, చేతులు విప్పెయ్. పట్టు మాత్రం తగ్గించకు. ఉన్నంతసేపూ గట్టిగానే పట్టు.”

సాధన మా ఇంటి ముందే మొదలైంది. బంతికి బదులు అమ్మ కొత్త గలీబు తొడిగిన దిండు, దాన్ని పట్టుకుని పరిగెత్తేది నేను. అన్నయ్య నన్ను మెల్లగా పట్టుకుని ‘చెడుగుడు’ అనడం, వదలడం, తాతయ్య కుర్చీలోంచి చప్పట్లు కొట్టడం. దిండు సంగతి తెలిశాక అమ్మ మా ముగ్గురికీ కలిపి చివాట్లు పెట్టింది. అన్నయ్య తల వంచుకుని, తప్పంతా తనదేనన్నట్టు నిలబడ్డాడు.

తర్వాతి ఆటకు అందరం వెళ్ళాం. చివరి నిమిషాల్లో మావాళ్ళే ముందున్నారు. అవతలి జట్టులో కొండలాంటి మనిషి బంతితో దూసుకొస్తుంటే, గీతకు కాస్త ఇవతలే అన్నయ్య పడేశాడు. ఇంకొంచెం పట్టుకుంటే మావాళ్ళు వచ్చి అడ్డంగా నిలబడేవారు. పట్టుకోమని మా వైపు వాళ్ళంతా అరుస్తున్నారు, నాతో సహా. అన్నయ్య పెదవులు కదిలాయి. చేతులు విడిపోయాయి. ఆ కొండ లేచి బంతి వెనక్కి అందించాడు, వాళ్ళవాడొకడు గీత దాటేశాడు, మేం ఓడిపోయాం.

నేను ఏడుస్తుంటే తాతయ్య మైదానంలోకి చూడమన్నారు. కోచ్ అన్నయ్య భుజం మీద చెయ్యేసి వచ్చే వారం సంగతి మాట్లాడుతున్నాడు. అన్నయ్యలా ఓడిపోయి అంత సంతోషంగా నవ్విన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

వీసా గడువు అయిపోయి తాతయ్య వెళ్ళిపోయే రోజు ఎయిర్‌పోర్టులో నేను ఆయన పంచె పట్టుకుని వదల్లేదు. అమ్మ బతిమాలింది, నాన్న కసిరాడు. తాతయ్య మాత్రం నా వేళ్ళు విడదీయలేదు. వంగి, “కూత పెట్టమ్మలూ,” అన్నారు. ఏడుస్తూనే, ఉన్న ఊపిరంతా సాగదీసి ‘చెడుగుడు’ అన్నాను. అది అయ్యేదాకా ఆయన కదల్లేదు. తర్వాత నా చేతులు వాటంతటవే విచ్చుకున్నాయి. ఆయన్ని చూడటం అదే ఆఖరు.

ఇప్పుడు నా తలా నెరిసింది. మేం అల్ అజీజియాలో ఉంటున్నాం. మొన్న మా అమ్మాయి కొత్త లైసెన్సుతో మొదటిసారి తనే కారు నడుపుకుంటూ ఆఫీసుకు బయల్దేరింది. జాగ్రత్తలన్నీ చెప్పేశాక కూడా నేను కారు తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఈ కథ వింటూ పెరిగిన పిల్ల కదా, విసుక్కోలేదు. నా చేతి మీద చెయ్యి వేసి, “అమ్మా, కూత పెట్టు,” అంది. తాతయ్య చెప్పినట్టే ఉన్నంతసేపూ గట్టిగానే పట్టుకుని, ఊపిరి అయిపోయాక వదిలాను.