ప్లానులో లేని గాలి

ఆ ఊరు కాగితం మీద పుట్టింది. ముందు గీతలు గీశారు, తర్వాత రోడ్లు వేశారు, ఆపైన ఆఫీసులు కట్టారు, ఆఖరున మనుషుల్ని తెచ్చి పెట్టారు. అందుకే అక్కడ వీధులకు పేర్లుండవు, అంకెలుంటాయి. కూడళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉండటంతో, పదేళ్లుగా ఉంటున్నవాళ్లు కూడా సొంత ఇల్లు దాటి ముందుకు వెళ్లిపోయి నాలుక కరుచుకుంటుంటారు. ఎవరేం అడిగినా ఆఫీసుల నుంచి వచ్చే జవాబు ఒకటే: "ప్లానులో లేదు."

సెలవురోజున జనం ఏం చెయ్యాలో కూడా ప్లానులోనే ఉంది. పొద్దున గులాబీ తోట, మధ్యాహ్నం మ్యూజియం, సాయంత్రం చెరువులో పడవ షికారు, దీపాలు పెట్టాక పాటకు ఎగిరే ఫౌంటెన్. మ్యూజియంలో గాజుపెట్టె లోపల ఊరి నమూనా ఒకటుంది. అందులో గోరంత పడవలు పన్నెండూ బుద్ధిగా రేవు దగ్గరే నిలబడి ఉంటాయి. నిలబడక ఏం చేస్తాయి, జిగురుతో అంటించారాయె.

నిజం చెరువులోని పన్నెండు పెడల్ బోట్లను చూసుకునే ఆవిడను అందరూ పడవలక్క అంటారు. ఇరవై రెండేళ్ల కింద, రంగు ఇంకా ఆరని రేవులో ఉద్యోగంలో చేరింది. చేరిన వారానికే ఆమెకు ఒక సంగతి తెలిసిపోయింది. ఆ చెరువు మీద సాయంత్రం నాలుగు దాటితే గాలి రేవు వైపు నుంచి ఎదుటి కట్ట వైపు వీస్తుంది. రేవును సెక్రటేరియట్ మెట్లకు ఎదురుగా, ఫొటోల్లో అందంగా పడాలని పెట్టారు. గాలి ఎటు వీస్తుందో అడగాలని ఏ ఒక్కరికీ తట్టలేదు. జనం రేవులో బోటెక్కి, గాలి తోస్తుంటే కేరింతలు కొడుతూ ఇట్టే కట్ట చేరతారు. తిరిగి రావాలనుకున్నప్పుడు మొదలవుతాయి తిప్పలు. ఎంత తొక్కినా బోటు ముందుకు కదలదు, కాళ్లు పీకేస్తాయి, పిల్లలు ఏడుపు లంకించుకుంటారు. కట్ట మీదికి ఎక్కుదామంటే రాళ్లు తప్ప మెట్లు లేవు.

అప్పుడు పడవలక్క తన తెడ్ల పడవేసుకుని వెళ్లేది. బోటు ముక్కుకు తాడు తగిలించి, ఎదురుగాలిలో తెడ్లేస్తూ ఒక్కొక్కదాన్నే లాక్కొచ్చేది. రోజుకు ఆరో ఏడో, సెలవుల్లో పదిహేను. ఇంటికెళ్లాక భుజాలకు నూనె రాస్తూ మొగుడు నవ్వేవాడు. సెక్రటేరియట్‌లో లిఫ్టు నడపడం అతని పని.

"నేను జనాన్ని పైకీ కిందికీ లాగుతా, నువ్వు అటూ ఇటూ లాగుతావు. మన సంసారమంతా లాగుడే కదే!"

రేవును కట్ట వైపుకు మార్చమని ఆమె మూడుసార్లు అర్జీ పెట్టింది. అటు పన్నెండు మెట్లు కడితే చాలంది. మూడుసార్లూ అదే జవాబొచ్చింది.

ఈ ఏడు ఎండాకాలం సెలవుల్లో గాలి మరీ పెచ్చుమీరింది. ఒక పెద్ద కుటుంబం గంటన్నర కట్ట దగ్గర ఇరుక్కుపోయింది. పడవలక్క అప్పటికే ఎనిమిది బోట్లు లాగి ఉంది, వాళ్ల దగ్గరికి వెళ్లేసరికి ఆలస్యమైంది. వాళ్లు ఫిర్యాదు రాశారు. పది రోజులకు మొగుడు మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చాడు.

"మీ చెరువు ఫైలు ఇవాళ నా లిఫ్టులోనే నాలుగో అంతస్తుకెళ్లింది. ఒకటో తారీఖు నుంచి పడవలు బంద్ చేస్తారట. సందర్శకుల అజాగ్రత్త అని రాశారు. నిన్ను గులాబీ తోట టిక్కెట్ల కిటికీకి వేస్తారట. పోనీలేవే, నీడపట్టున కూర్చోవచ్చు."

"నాకు నీడేం వద్దు," అంది ఆమె. "జనానిది అజాగ్రత్తా? రేవు తప్పు చోట కట్టినవాళ్లది కాదా?"

ఆ రాత్రి ఆమెకు అన్నం సహించలేదు. ఊళ్లో మిగతా చోట్లన్నీ చూసి వచ్చేసేవే, ముట్టుకుంటే కాపలావాడు ఈల వేస్తాడు. మనిషి తన కాళ్లతో తాను తొక్కుకుంటూ, నీళ్లు మొహాన కొట్టించుకుంటూ, గొంతెత్తి నవ్వగలిగే చోటు ఆ చెరువొక్కటే. దాన్ని ఊరికే మూసెయ్యనివ్వకూడదని ఆమె గట్టిగా అనుకుంది.

మూసేముందు చివరి తనిఖీకి కొత్త ఇంజనీరు వచ్చాడు. పడవలక్క అతన్ని మధ్యాహ్నమంతా టీలతో, లైఫ్ జాకెట్ల లెక్కతో కావాలనే ఆపింది. నాలుగుంపావుకు ఒక బోటు ముందుకు లాగింది.

"మూసేసే ముందు ఒక్కసారి మీరే తొక్కి చూడండి సార్. కట్ట దాకా వెళ్లి రండి. కానీ ముందే చెబుతున్నా, నేను తాడేసి లాగను."

"కాలేజీలో సైకిల్ పందెం గెలిచినవాణ్నమ్మా!" అన్నాడతను లైఫ్ జాకెట్టు బిగించుకుంటూ.

వెళ్లడం నిజంగానే దర్జాగా వెళ్లాడు. ఆమె తన తెడ్ల పడవలో కొంచెం దూరంగా, ఏదైనా అయితే అందుకునేంత దగ్గరలో వెంట వెళ్లింది. కట్ట దగ్గర అతను బోటు తిప్పి తొక్కడం మొదలుపెట్టాడు. చెరువు సగం దాకా వచ్చేసరికి ముచ్చెమటలు పట్టాయి. ఊపిరి తీసుకుందామని ఆగాడు. గాలి బోటును నెమ్మదిగా వెనక్కి తోసి మళ్లీ కట్టకు చేర్చింది. పళ్లు కరుచుకుని రెండోసారి తొక్కాడు. మళ్లీ సగమే, మళ్లీ కట్టే.

"ఏమ్మా! చూస్తూ కూర్చున్నావేం? తాడెయ్యి!"

ఆమె చేతులు వాటంతటవే తాడు మీదికి పోయాయి. ఇరవై రెండేళ్ల అలవాటాయె. బోటులో మనిషి అలసిపోయి కేకేస్తే కదలకుండా కూర్చోవడం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా రెండు చేతులూ తెచ్చి ఒళ్లో పెట్టుకుంది.

"వెయ్యను సార్."

"ఉద్యోగం పోతుంది, తెలుసా?"

"తెలుసు సార్. మీరు బాగానే ఉన్నారు, నేనిక్కడే ఉన్నా. కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ తొక్కండి."

అతనికి ఒళ్లు మండిపోయింది. ఆ కోపంతోనే మూడోసారి సగం దాకా తొక్కి, కాళ్లు ఎత్తేసి వెనక్కి వాలాడు. బోటు తనంతట తానే తేలుతూ వచ్చి మళ్లీ ఆ రాళ్లకే ఆనింది.

"రేవు ఇక్కడుంటే ఈపాటికి మీరు మూడు షికార్లు చేసి ఇల్లు చేరినట్టే కదా సార్," అంది పడవలక్క. "ముందు కష్టం, తర్వాత సుఖం. ఎవరు ఎక్కడ అలిసిపోయినా గాలే ఒడ్డుకు తెచ్చి దింపుతుంది."

ఇంజనీరు రాళ్ల వంక చూశాడు, గాలి వంక చూశాడు, దూరంగా వెలుగుతున్న సెక్రటేరియట్ మెట్ల వంక చూశాడు. తడిసిన చేతి రుమాలు పిండుకున్నాడు.

"ఇక్కడ మెట్లు కట్టాలంటే ప్లాను మార్చాలి. నేను రిటైరయ్యేదాకా ఆ ఫైలు తిరుగుతూనే ఉంటుంది." ఆగాడు. "డ్రమ్ముల మీద చెక్కలు బిగించి నీళ్లలో తేలేటట్టు వేస్తే మాత్రం అది కట్టడం కాదు. ప్లాను నేలకే గానీ నీళ్లకు లేదు. రాళ్ల మీద ఒక చెక్క నిచ్చెన ఆనిస్తే సరి. వారంలో వేయిస్తా. ఒకటో తారీఖు మాట మర్చిపో."

అప్పుడు ఆమె తాడందుకుని అతని బోటుకు తగిలించింది. తెడ్లేస్తుంటే వెనక నుంచి అతను అడిగాడు.

"ఇంత పెద్ద తప్పు ఇన్నేళ్లుగా కళ్లెదురుగా ఉంటే ఒక్కరికీ ఎలా కనపడలేదమ్మా?"

పడవలక్క తెడ్లు ఆపలేదు.

"నేను లాక్కొచ్చేస్తూ ఉన్నా కదండీ," అంది. "ఇక కనపడేదెలా?"