వెనక్కి మడిచిన అంచు

వీధిలో అందరూ ఆమెను కాన్వాసు పిన్ని అంటారు. జనం తెచ్చే ఫోటోలను కాన్వాసు గుడ్డ మీద అచ్చువేయించి, చెక్క చట్రం మీద బిగలాగి, రెండంగుళాల అంచును వెనక్కి మడిచి పిన్నులు కొట్టడం ఆమె పని. గుడ్డ ముట్టుకునే ముందు కొంగుతో రెండుసార్లు చేతులు తుడుచుకుంటుంది. మూలలు మడిచేటప్పుడు నాలుక కొస పళ్ళ మధ్య పెట్టుకుంటుంది. అంచుకి ఎవరి మొహమైనా వస్తే తిప్పలుపడి కొలతలు మారుస్తుంది గానీ, మొహం మీద పిన్ను మాత్రం కొట్టదు.

మొన్న ఒకాయన ఈమధ్యే పోయిన వాళ్ళమ్మ ఫోటో తెచ్చాడు. కుర్చీలో తల్లి, వెనక ఆయన, అంచున ఆయన అక్క. అక్క చెయ్యి తల్లి భుజం మీద ఉంది.

"మా అక్కని వెనక్కి మడిచెయ్యండి. అమ్మ మంచాన పడితే నేను తొంగైనా చూడలేదని నలుగురిలో అనేసిందండీ. పరువు తీసింది."

"అంత కోపమైతే కత్తిరించేస్తే పోలా?"

"అయ్యో, తోడబుట్టినదాన్ని కత్తిరిస్తామా!"

పిన్ని ఫోటోలో అక్క చేతి మీద వేలు పెట్టింది. "మడిచినా ఆవిడ చెయ్యి ముందువైపే ఉంటుంది మరి," అంది. చెరిపెయ్యమంటాడనుకుంది.

ఆయన ఫోటోను కాస్త దూరంగా పట్టుకుని, తల వంచి చూసుకున్నాడు. "ఉండనివ్వండి. చూసేవాళ్ళు నాదనుకుంటారు."

"ఈ కొలతకి చట్రం లేదు నాయనా," అంది పిన్ని. ఆయన మెట్లు దిగేదాకా ఆగి, లోపలికెళ్ళి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుంది.