కళ్ళు మాత్రమే తెలిసిన అక్క

మా లైన్ అక్క పోయిందని తిరుత్తణి బస్సులో వచ్చినవాళ్ళు ఫ్యాక్టరీ గేటు దగ్గరే చెప్పారు. నిద్రలో గుండె ఆగిందట. నిన్న సాయంత్రం నవ్వుతూ షిఫ్టు దిగిన మనిషి ఇవాళ లేకపోవడమేమిటి? చెప్పినవాళ్ళలో ఒకతని మీద విరుచుకుపడ్డాను. పాపం, అతడు మాత్రం ఏం చేస్తాడు?

మా ఫ్యాక్టరీకి సొంత కంప్యూటర్ చిప్ అంటూ ఒక్కటీ లేదు. ఎవరో డిజైన్ గీస్తారు, ఇంకెవరో సిలికాన్ పలకలు పంపుతారు. మేము వాటిని ముక్కలుగా కోసి, వెంట్రుక కన్నా సన్నని బంగారు తీగలు అతికించి, వాళ్ళ పేరే ముద్రించి పంపిస్తాం. చేరిన కొత్తలో ఇదేం బతుకు అని విసుక్కుంటే అక్క నవ్వింది. వాళ్ళది అత్తిమంజేరిపేటలో కూలికి నేసే ఇల్లు.

"మా అమ్మ నేసిన చీర మీద మా అమ్మ పేరుంటాదా అబ్బా? కట్టుకున్నామె బాగుందనుకుంటే సాలు" అనింది.

తీగను ఆమె ఎప్పుడూ తీగ అనలేదు, పోగు అనేది. నా మిషన్‌లో అది తెగి నేను కంగారుపడితే పక్కకొచ్చి నిలబడేది. "బయపడబాక. తెగని పోగు యాడుంది? నిదానంగా ఎక్కించు" అనేది. అందరూ తమిళం మాట్లాడే ఆ గదిలో మా ఇద్దరిదే తెలుగు. ఆ మాట వినడానికే నేను రోజూ పనికి వెళ్ళేవాణ్ణేమో.

ఇంత చెబుతున్నాను గానీ, ఆమె ముఖం నేను చూసింది లేదు. దుమ్ము పడకూడని గది మాది. తల నుంచి కాళ్ళ దాకా తెల్ల సూటు, మూతికి మాస్కు, బయటికి కనిపించేవి కళ్ళే. ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది వేరు. మిషన్లు ఆగకూడదు కాబట్టి ఆమె భోజనానికి వెళితే నేను చూసుకోవాలి, నేను వెళితే ఆమె. ఆమెది తిరుత్తణి బస్సు, నాది తిరువళ్ళూరు బస్సు. బయట ఆగి చూడొచ్చు కదా అంటారేమో, షిఫ్టు వదిలాక ఆ బస్సుల తొందర మీకు తెలియదు. వాట్సాప్‌లో ఆమె పెట్టుకున్నది మురుగన్ కావడి బొమ్మ.

ఆమెకూ అది తమాషాగానే ఉండేది. "ఆడికృత్తికకి ఇంటికి రా తమ్ముడూ, అన్నం తిందువు. మొగం గూడా అప్పుడే సూద్దువులే" అని పోయిన వారమే అనింది. వస్తానన్నాను. తిరుత్తణి కొండ మీద జరిగే ఆ మురుగన్ పండక్కి ఇంకా ఎన్నాళ్ళో లేదు.

అక్క వాళ్ళ ఇంటికి వెళ్ళాను. కళ్ళు మూసి, పూలమాల వేసి, వసారాలో పడుకోబెట్టారు. నేను అనుకున్న ముఖం కాదు. సన్నని ముక్కు, గడ్డం మీద చిన్న మచ్చ. ఎవరో పెద్దావిడ అనిపించింది. చుట్టూ అందరూ ఏడుస్తుంటే నాకు కన్నీళ్ళు రాలేదు. నాకు తెలిసిన అక్క ఈమె కాదని, లోపల మిషన్ దగ్గరే ఉందని మనసు మొండికేసింది. దండం పెట్టి వచ్చేశాను.

మర్నాడు డ్యూటీకి వెళ్ళాను. ఆమె మిషన్ దగ్గర తెల్ల సూటులో ఒక మనిషి, వీపు నావైపు పెట్టి, వంగి పని చేస్తోంది. అదే ఎత్తు. భోజనం వేళయింది.

"పోయొస్తానక్కా, నాది కాస్త సూసుకో" అన్నాను.

ఆమె ఇటు తిరిగింది. మాస్కు పైన ఎవరో కొత్తపిల్ల కళ్ళు, నా తెలుగు అర్థంకాక బిత్తరపోయి చూస్తున్నాయి.